కునుకు పట్టే ఇల్లు

ఒక ఇల్లు మంచిదో కాదో తేల్చడానికి లోకంలో రకరకాల కొలతలున్నాయి. కొందరు గుమ్మం ఏ దిక్కుకు ఉందో చూస్తారు. కొందరు గోడల రంగు చూస్తారు. ఖతీజాబీ వీటిల్లో దేన్నీ ఖాతరు చేసేది కాదు. ఆమె కొలత ఒక్కటే, వచ్చిన మనిషికి ఆ ఇంట్లో కునుకు పట్టాలి. చాయ్ తాగి, నాలుగు మాటలు చెప్పి, ఐదో మాట ఇంకా నోట్లో ఉండగానే కళ్లు వాలిపోవాలి. గోడకు ఆనుకున్నవాళ్లు ఆనుకున్నట్టే జారిపోవాలి. అలా జరిగితే అది ఇల్లు. జరగకపోతే సత్రం, ఎంత పాలరాయి పరిచినా సరే.

ఈ పిచ్చి ఆమెకు తొర్రూరులో, చిన్నప్పుడు, దాదీ ఇంట్లో, అంటే నాయనమ్మ ఇంట్లో పట్టుకుంది. పత్తి ఏరిన రోజుల్లో, అది అమ్మకానికి పోయేదాకా, దాదీ పడమటి గదిని పత్తితో నింపేది. నేల మీంచి దూలం దాకా తెలుపే. తలుపు తీస్తే ఎండుటాకుల వాసన, గింజల వెచ్చటి వాసన కలిసి మొహాన పడేవి. ఎవరో దూరపు చుట్టం పనిమీద వచ్చేవాడు. "ఒక్క నిమిషం, మల్ల పోవాలె" అంటూనే ఆ పత్తికి వీపు ఆనించేవాడు. అంతే సంగతులు. సాయంత్రం ఎప్పుడో గడ్డంలో పత్తిపోగులతో లేచి, ఏ ఊళ్లో ఉన్నానా అని చుట్టూ చూసుకునేవాడు. చిన్న ఖతీజా తలుపు పక్కన కూర్చుని ఆ నిద్రలన్నీ చూస్తూ ఉండేది. మీసాలున్న మగవాళ్లు, కోపిష్టి ముసలమ్మలు, అందరూ నిద్రలో చంటిపిల్లలైపోయేవారు. తనకు ఒక ఇల్లంటూ ఉంటే ఇలాగే ఉండాలని ఆ తలుపు దగ్గరే అనుకుంది.

పైవాడు ఆమె మొర విన్నాడు. ఇల్లు ఇచ్చాడు. ఇచ్చి ఇచ్చి వరంగల్‌లో ఎనుమాముల మిర్చి మార్కెట్ వెనక గల్లీలో ఇచ్చాడు. అది చాలదన్నట్టు మొగుణ్ని కూడా ఆ మార్కెట్లో హమాలీగానే ఇచ్చాడు.

ఖాజా మొహినుద్దీన్ మంచి మనిషి. పెళ్లాన్ని గట్టిగా ఒక మాట అని ఎరగడు. కాని మిర్చి సీజన్ మొదలైందంటే అతని కంటే ముందే అతని ఘాటు ఇంట్లోకి వచ్చేది. బస్తాలు మోసిన భుజం మీది తువాలులో, చొక్కా జేబులో, ఆఖరికి కనుబొమ్మల్లో కూడా మిరప ధూళే. ఇక ఖతీజాబీ ఏం తక్కువ తిన్నది? ఇంటి నడిమధ్యలో మిరపకాయలు రాశి పోసుకుని, కూలికి తొడిమలు తీసేది. ఇద్దరికీ అలవాటైపోయింది. వచ్చినవాళ్లకే కాలేదు.

చుట్టాలు గడప దాటగానే మొదటి తుమ్ము. తుమ్మిన మనిషి 'అల్‌హందులిల్లా' అనాలి, విన్నవాళ్లు 'యర్హముకల్లా' అని దీవించాలి. ఆ ఇంట్లో ఒక తుమ్ముకు దీవెన పూర్తయ్యేలోగా ఇంకో తుమ్ము వచ్చి పడేది. పక్కింటి సువార్తమ్మ తన వాకిట్లోంచే 'స్తోత్రం ప్రభువా' అని కలిపేది. ఇంతమంది ఇన్నిసార్లు దేవుణ్ని తలుచుకునే కొంప వరంగల్ మొత్తంలో ఇంకోటి లేదని మొహినుద్దీన్ వేళాకోళం చేసేవాడు. తుమ్ములు పుణ్యమే కావచ్చు, కునుకు మాత్రం పట్టనివ్వవు. చుట్టాలు చాయ్ సగంలో వదిలేసి, కళ్లు తుడుచుకుంటూ ఆటో ఎక్కేవారు. గల్లీలో కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఆ వాలకం చూసి, పాపం ఎవరు పోయారో అనుకునేవారు.

అందుకని ఖతీజాబీ చుట్టాలను కలలోనే పండబెట్టుకునేది. వేళ్లు తొడిమలు తీస్తూ వాటి పని అవి చూసుకుంటుంటే, ఆమె తెరిచిన కళ్లతోనే కల కనేది. ముందున్న ఎర్రటి రాశి మెల్లమెల్లగా తెల్లబడేది. గోడలు కొంచెం వెనక్కి జరిగేవి. తలుపులోంచి ఎవరెవరో వచ్చేవారు, చెప్పులు విడిచి, తలపాగాలు పక్కన పెట్టి, ఆ తెల్లటి మెత్తదనానికి ఆనుకునేవారు. ఒక్కరూ తుమ్మేవారు కాదు. ఆమె వాళ్ల మధ్య చప్పుడు చేయకుండా తిరుగుతూ దుప్పట్లు కప్పేది. ఎవరి ఊపిరి వాళ్లదే అయినా అన్నీ కలిసి ఒకే ఊపిరిలా వినిపించేవి. ఇంతలో మొహినుద్దీన్ వచ్చి "అన్నం పెట్టవా" అంటే ఆ మనుషులంతా గోడల్లోకి ఇంకిపోయేవారు. ఆమెకు జర కోపం వచ్చేది కాని, ఆకలిగొన్న మనిషి మీద ఎంతసేపని కోపం చూపిస్తాం?

ఇట్లా ఏళ్లు గడిచాయి. కొడుకు జావీద్ పెద్దవాడై పోచమ్మ మైదాన్ దగ్గర ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో పనికి కుదిరాడు. మొన్న చలికాలంలో అతనికి కాజీపేట పిల్ల ఆసిమాతో నిఖా అయింది. ఆసిమా పుట్టిల్లు రైలు పట్టాల పక్కనే. రెండు గదుల్లో అమ్మానాన్నలు, తాత, ఇద్దరు తమ్ముళ్లు, చెల్లెలు ఐమన్. రైలు వస్తే ఇంటిల్లిపాదీ మాట ఆపుతారు, పోయాక ఆపిన చోటి నుంచే అందుకుంటారు. సంబంధం మాట్లాడటానికి పోయినప్పుడు ఖతీజాబీ అది చూసి భలే ముచ్చటపడింది.

కోడలు గడపలో కాలు పెట్టిన రోజున ఆమెకు ఒకటే ఆలోచన. చుట్టాలు పోతే పోయారు, ఈమె పోయే మనిషి కాదు, ఉండే మనిషి. ఈమెకైనా ఈ ఇంట్లో నిద్ర పట్టాలి. ఇక చూడండి. తొడిమల పని బంద్ పెట్టింది. మిక్సీని అటక మీదికి ఎక్కించింది. టీవీకి నోరు మూసింది. మొహినుద్దీన్ బయట కుళాయి దగ్గరే స్నానం చేయాలి, దగ్గు వస్తే గల్లీ చివరికి పోయి దగ్గి రావాలి. సువార్తమ్మది చర్చిలో మైకు లేకుండా పాట ఎత్తుకునే గొంతు. ఆమె దగ్గరికీ పోయి బతిమాలింది.

"వదినె, కొన్ని దినాలు జర మెల్లగ మాట్లాడరాదు. కొత్త పిల్ల, నిద్ర చెడుతది."

"నేను మెల్లగనే మాట్లాడుత గదనే!" అంది సువార్తమ్మ. ఆ మాట మూడో ఇంటికి వినిపించింది.

ఇంత చేసినా ఆసిమాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున ఫజర్ నమాజుకు ఖతీజాబీ లేచేసరికి ఆ పిల్ల అప్పటికే లేచి, మంచం అంచున కూర్చుని ఉండేది. కళ్లు ఎర్రగా ఉండేవి.

"నిద్ర పట్టిందా బిడ్డా?"

"మంచిగ పట్టింది అత్తమ్మా."

పిల్ల మర్యాదస్తురాలు, అబద్ధం కూడా మర్యాదగానే చెప్పింది. కాని దిండు గలేబు మీద ఒక్క ముడత లేదు.

పెళ్లయ్యాక కొన్ని శుక్రవారాలు కొత్త జంటను పిల్ల తరఫువాళ్లు భోజనానికి పిలుస్తారు. జుమాగీ అంటారు దాన్ని. ఆ శుక్రవారం జావీద్, ఆసిమా బండి మీద కాజీపేట పోయారు. మర్నాడు జావీద్ ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఏదిరా ఆసిమా?"

"రెండు దినాలు ఉండొస్తదంట అమ్మీ." చెప్పులు విడుస్తూ, తనకే వింతగా ఉన్నట్టు నవ్వాడు. "ఆడికి పోంగనె పండుకున్నది. అన్నాలకు దస్తర్‌ఖాన్ పరుస్తాన్రు, బగార అన్నం వాసన గుమగుమ వస్తాంది, ఈమె గోడకు ఆనుకొని ఒక్కటే నిద్ర. వాళ్లమ్మ లేపితె గూడ లేవలే."

కొడుకు నవ్వుతూ అన్న మాట తల్లికి నవ్వులాటగా తగల్లేదు. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. అది చెప్పినవాళ్లకు ఏం తెలుసు? నిద్రకు సుఖం తెలియకపోవచ్చు, ఇల్లు మాత్రం తెలుసు. ఏది తన ఇల్లో ఏది కాదో నిద్రకు తెలిసినట్టు మనిషికి కూడా తెలియదు. ఖతీజాబీ ఆ పూట అన్నం సరిగా తినలేదు.

రెండు రోజులు వారం దాటాయి. ఒకరోజు జావీద్ తల వంచుకుని, నేల మీద గీతలు గీస్తూ అన్నాడు. "అమ్మీ, కాజీపేటల వాళ్లింటి దగ్గర ఒక రూం ఖాళీ ఉన్నదంట. ఆసిమాకు ఈడి గాలి పడుతలేదోలె. ఈడున్నప్పుడు చూసినవ్ గద, మొఖం ఎట్ల పీక్కపోయిందో."

కాజీపేట ఎంత దూరం? షేరాటో ఎక్కితే చాయ్ చల్లారేలోపు దిగొచ్చు. కొడుకు దూరమవుతాడనేది కాదు ఆమె గుండెలో పడ్డ రాయి. తన ఇంట్లో ఒక ఆడపిల్ల కంటిమీద కునుకు లేక వెళ్లిపోయింది. ఇన్నేళ్లు తను చేసిన సంసారానికి దక్కిన తీర్పు అదేనా?

"వచ్చే జుమ్మా దాంక ఆగురా," అంది. "ఒక్కసారి ఆమెను తోలుకరా. అప్పుడు గూడ పడకపోతె నేనే మీ సామాన్ సదిరిస్త."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఖతీజాబీ ఆ వారం పొద్దెరగలేదు. గోడలకు లేత నీలం రంగు వేయించింది. ఫ్యాను రెక్కలు, తలుపు సందులు, ఆఖరికి అటక మీది రేకుపెట్టెల వీపులు కూడా కడిగింది. పాత పరుపు విప్పించి, దూది ఏకించి, కొత్త గుడ్డలో కుట్టించింది. పూల కర్టెన్లు కట్టింది. ఊదు వేసి, మూలమూలకూ రోజ్‌వాటర్ చల్లింది. ఇంట్లో ఎక్కడా ఒక్క మిరప గింజ లేదు, ఒక్క తువాలు వేలాడటం లేదు, ఒక్క గ్లాసు దాని చోటు దాటి కదలడం లేదు. మొహినుద్దీన్‌కు అన్నం, పడక అన్నీ బయట అరుగు మీదే.

"ఇంట్లకు రావాల్నంటె వీసా అడిగేటట్టున్నవ్," అన్నాడతను ముద్ద కలుపుకుంటూ.

"జర ఓర్చుకో. పిల్ల నిద్రపోతె చాలు."

"ఏం నిద్రనో. ఇల్లు దవాఖాన లెక్క చేసినవ్. పేషెంట్ గూడ లేడు."

ఆమెకు వినే తీరిక లేదు. తలుపు దగ్గర నిలబడి నీలం గోడలను చూసుకుంటే, ఇల్లంతా నీళ్ల అడుగున ఉన్నట్టు, గాలి కూడా చప్పుడు కాకుండా మెల్లగా తేలుతున్నట్టు అనిపించేది. ఇంత మెత్తటి ఇంట్లో నిద్ర పట్టకుండా ఎలా ఉంటుంది?

ఆసిమా వచ్చింది. గడపలోనే ఆగి, గోడలు చూసి, "అబ్బ, ఎంత మంచిగున్నదో" అంది. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక చేతిలో పట్టుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఖతీజాబీ ఆమెను కొత్త పరుపు దగ్గరికి తీసుకుపోయి, "పండుకో బిడ్డా, ఎవ్వరు లేపరు" అని చెప్పి కర్టెను లాగింది. లాగి, ఎక్కడికీ పోకుండా కర్టెను ఇవతలే నిలబడింది. అరుగు మీద మొహినుద్దీన్ తువాలు నోట్లో కుక్కుకుని దగ్గు ఆపుకుంటున్నాడు. జావీద్ ఫోన్ మూగబోయింది. పక్కింట్లో సువార్తమ్మ కూడా, పాపం, గిన్నెలు తోమడం ఆపేసింది. ఖతీజాబీ చెవి మాత్రమే మిగిలి, ఆ చెవిని కర్టెనుకు ఆనించి, లోపల ఊపిరి బరువెక్కే చప్పుడు కోసం వింటూ ఉండిపోయింది. ఎంతసేపు నిలబడిందో కాళ్లకే తెలియాలి.

"అత్తమ్మా," అంది లోపలి గొంతు. "మీరు ఆడనే నిలబడ్డరని నాకు ఎరుకే."

ఖతీజాబీ కర్టెను తీసింది. పిల్ల పరుపు అంచున, పరీక్ష బెంచీ మీద కూర్చున్నట్టు కూర్చుని ఉంది. కళ్లలో నీళ్లు.

అత్తకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "నీ కోసం ఇంటాయినను అరుగు మీద కూసోబెట్టిన. నా పని బంద్ చేసుకున్న. గోడలకు రంగేపిచ్చిన. ఇంకేం జెయ్యాల్నే తల్లీ నేను?"

"ఏం జెయ్యకున్రి అత్తమ్మా," అంది ఆసిమా. అనేసి, కొంగుతో మొహం తుడుచుకుని, ఇక దాచుకోలేనట్టు చెప్పుకుపోయింది. "ఆడ నేను పండుకుంటె తాత రేడియో బంద్ చెయ్యడు. తమ్ముళ్లు కొట్లాడుకుంటనే ఉంటరు. ఐమన్ నా కడుపు మీద తల పెట్టి ఫోన్ చూస్తది. నన్ను ఎవ్వరు పట్టించుకోరు, అందుకే నిద్ర పడ్తది. ఈడ అందరు నేనెప్పుడు పండుకుంటనా అని ఊపిరి బిగవట్టుకొని కూసుంటరు. మీరు గట్ల బిగవట్టుకుంటె నాకు ఊపిరి ఎట్ల ఆడుతది?"

"మరి మిర్చి ఘాటుకు గాదా?"

"ఘాటుకు తుమ్ముతనేమో. తుమ్మినోళ్లు సస్తరా అత్తమ్మా?"

ఖతీజాబీ పరుపు మీద కూలబడింది. తొర్రూరు ఇల్లు ఆమె కళ్ల ముందుకు వచ్చింది, కాని ఈసారి వేరే తీరుగా వచ్చింది. పడమటి గదిలో చుట్టాలు నిద్రపోతున్నప్పుడు దాదీ ఎక్కడ ఉండేది? పెరట్లో. బండివాడితో గొంతు చించుకుని పోట్లాడుతూ, కోళ్లను అదిలిస్తూ, రోట్లో కారం దంచుతూ ఉండేది. దాదీ ఏ ఒక్క చుట్టం నిద్రనూ కాపలా కాయలేదు. కాచింది ఖతీజా ఒక్కతే. ఇన్నేళ్లుగా ఆ నిద్రలు చూసింది కాని, వాటి చుట్టూ ఉన్న గోలను వినలేదు. తన తెలివికి తనకే సిగ్గేసింది. ఆ సిగ్గులోంచి, ఎందుకో, నవ్వు కూడా వచ్చింది.

"ఓ జావీద్ అబ్బా!" అని ఆమె అరుగు మీది మొగుణ్ని కేకేసింది. ఆ కేక వారం రోజుల తరువాత ఆ ఇంట్లో పుట్టిన మొదటి చప్పుడు. "లోపటికి రా!"

"తానం చేసి రావాల్నా?"

"ఏమొద్దు. ఎట్లున్నవో అట్లనే రా."

మొహినుద్దీన్ భయపడుతూ గడపలో కాలు పెట్టాడు. ఆసిమా తుమ్మింది. అతను దొంగతనం పట్టుబడ్డట్టు అక్కడే ఆగిపోయి, "యర్హముకల్లా" అన్నాడు నెమ్మదిగా. పిల్ల ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని పక్కింట్లో గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది.

ఆ తరువాత ఇల్లు తన దారికి తను వచ్చింది. మిరపకాయల బస్తా నడిమధ్యకు తిరిగొచ్చింది. నీలం గోడకు మొహినుద్దీన్ వీపు ఆనే చోట ఎర్రటి మరక ఒకటి తేలింది. ఆసిమా జడ క్లిప్పులు టీవీ మీదికి ఎక్కాయి, దుపట్టా తలుపు మీదికి, దువ్వెన కిటికీలోకి. ఎవరినీ అడగకుండా ఒకరోజు బియ్యం డబ్బా చోటు మార్చి, ఆ మూలలో కుర్చీ వేసింది. ఖతీజాబీ చేతులు వాటిని సర్దడానికి దురదపెట్టేవి. మిరపకాయల్లో చేతులు ముంచి ఆ దురద ఆపుకునేది. మునుపటి కల కూడా అప్పుడప్పుడు వచ్చేది. ఎర్రటి రాశి తెల్లబడటం మొదలయ్యేసరికి పక్కన ఆసిమా తుమ్మేది, రాశి మళ్లీ ఎర్రబడేది.

కోడలు నిద్రపోయిన క్షణాన్ని మాత్రం అత్త చూడలేకపోయింది. ఆ సమయానికి ఆమె సువార్తమ్మతో గట్టి వాదనలో ఉంది. కొత్త పచ్చడిలో మెంతిపిండి ఎక్కువ పడిందా, ఉప్పు తక్కువ పడిందా అన్నది తేలటం లేదు. ఉన్నట్టుండి సువార్తమ్మ కళ్లతో సైగ చేసింది. ఆసిమా గోడకు ఆనుకుని, గుప్పిట్లో తొడిమ తీయని మిరపకాయతో, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. సువార్తమ్మ టక్కున గొంతు తగ్గించబోయింది. ఖతీజాబీ ఆమె మోచేతిని గిల్లింది.

"ఆపకు వదినె, మాట్లాడు. ఆపితె లేస్తది."

ఇద్దరూ దేని గురించి పోట్లాడుతున్నారో మరిచిపోయి, పొద్దు వాలేదాకా పోట్లాడారు. కాజీపేట రూం మాట జావీద్ మళ్లీ ఎత్తలేదు.

సీజన్ ముగింపుకు వచ్చిన ఒక మధ్యాహ్నం. మార్కెట్ రోడ్డు మీద లారీలు పలచబడ్డాయి. ఎండ కర్టెను పూలలోంచి వడకట్టుకుని గచ్చు మీద పడి, గాలికి అటూ ఇటూ జరుగుతోంది. వంటింట్లో ఆసిమా మిక్సీ వేస్తోంది, ఫోన్‌లో ఐమన్‌తో మాట్లాడుతోంది, రెండూ ఒకేసారి. ఖతీజాబీ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కాపురానికి వచ్చినప్పటి నుంచి పగటిపూట నడుం వాల్చిన మనిషి కాదు. ఇల్లు తనది, వచ్చేవాళ్లు వస్తారు, లేచి ఎదురుపోవాల్సింది తనే. కాని ఆ పూట మిక్సీ మోత ఎక్కడో దూరంగా, చెరువు అవతలి గట్టు మీంచి వస్తున్నట్టు వినిపించసాగింది. గచ్చు మీది ఎండపూలు కనురెప్పల లోపలికి వచ్చాయి. వేళ్లు ఆగిపోయాయి. ఆమె ఎప్పుడు పక్కకు ఒరిగిందో ఆమెకు తెలియదు.

ఎవరో తలుపు దగ్గర చెప్పులు విడుస్తున్న చప్పుడు. తొర్రూరు చుట్టాలు. "ఖతీజాబీ లేదా బిడ్డా?" అంటున్నారు.

ఖతీజాబీకి మెలకువ వచ్చింది. లేవాలి, కొంగు సర్దుకోవాలి, చాయ్‌కి నీళ్లు పెట్టాలి.

"ఉన్నది, పండుకున్నది," అంది ఆసిమా. గొంతు తగ్గించలేదు, మిక్సీ ఆపలేదు. "ఆమె పండుకుంటె ఏమాయె, నేనున్న గద. లోపటికి రాన్రి, కూసోన్రి."

ఖతీజాబీ లేవలేదు. కొంగును మొహం మీదికి లాక్కుని, గోడవైపు తిరిగి పడుకుంది.